రహదారి మరణము విధివ్రాత కాదు: శ్రీలంక నేర్పు పాఠము
(మన సంఘ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



నేడు రహదారి ప్రమాదములను గూర్చి ప్రసంగింపవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఈ విషయమును మన పొరుగు ద్వీపమైన శ్రీలంకను నిదర్శనముగా గైకొని మనవి చేయదలచితిని. అది సుమారు 2 కోట్ల 20 లక్షల జనాభా గల వర్ధమాన దేశము. ప్రజారోగ్య విషయమున పెక్కు పెద్ద దేశములకంటె ముందడుగు వేసినది. అయినను రహదారులపై పోవు ప్రాణములను మాత్రము కాపాడుకొనలేకున్నది. ఈ వైరుధ్యమునకు కారణమేమో విచారించుటయే నా యుద్దేశము.

2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశముగా ప్రకటించినది. మరుసటి యేడు, 2017లో, డెంగ్యూ జ్వరము విజృంభించి 400 మందికి పైగా మరణించిరి. దేశమంతయు కలవరపడెను. దోమల నిలయములను శుభ్రపరచుటకు సైనికులు సైతము వీధులలోనికి వచ్చిరి. అది మెచ్చదగిన పనియే. కాని అదే సంవత్సరమున ఆ దేశపు రహదారులపై మరణించినవారు 3,000 మందికి పైబడిరి. అందుకై అంతటి కలవరము కలుగలేదు. ఏలయన, వారు ఒకచోట గాక, దినమునకు కొందరు చొప్పున ఊరికొకరుగా మరణించిరి. జ్వరమును వ్యాధి యంటిమి. ప్రమాదమును తలవ్రాత యంటిమి. భేదమంతయు అచ్చటనే యున్నది.

మరణించువా రెవరు? కార్లలో తిరుగువారికంటె మోటారు సైకిలుపై పోవువారును, కాలినడకన పోవువారును, సైకిలుపై పోవువారునే హెచ్చు. ఆ దేశమున నమోదైన వాహనములలో సగమునకు పైగా మోటారు సైకిళ్ళే. మూడు చక్రముల బండ్లు లక్షల సంఖ్యలో కలవు. లారీయు, బస్సును, సైకిలును, బడికి పోవు బాలుడును ఒకే యిరుకు దారిని పంచుకొనవలసియున్నది. ఇనుప కవచము లేనివాడే ముందుగా నేల గూలును.

ఇక బస్సుల సంగతి. 1958లో బస్సు రవాణాను ప్రభుత్వము జాతీయము చేసినది. 1979లో ప్రైవేటు బస్సులకు మరల అనుమతి యిచ్చినది. పెక్కు ప్రైవేటు బస్సులలో డ్రైవరు, కండక్టరుల రాబడి నాటి వసూలుపై ఆధారపడియుండును. ముందుబోవు బస్సును దాటి తరువాతి స్టాపులోని ప్రయాణికులను ఎక్కించుకొన్నవానికే లాభము. అట్టి యేర్పాటులో పందెము వేయని డ్రైవరే నష్టపోవును! 2005 ఏప్రిల్ 27న పొల్గహవెల సమీపమున ఒక బస్సు రైలు వచ్చుచుండగా పట్టాలు దాటబోయి, 35 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2025 మే 11న కొత్మలె కొండదారిలో క్రిక్కిరిసిన బస్సు లోయలో పడి 20 మందికి పైగా మరణించిరి. అదే యేడు సెప్టెంబరు 4న ఎల్ల సమీపమున మరియొక బస్సు లోయపాలై 15 మంది మరణించిరి. ప్రతి పర్యాయమును డ్రైవరును నిందించి ఊరకుండుట సులభము. కాని వసూలు పద్ధతి తొందరపెట్టిన చోట ఆ పద్ధతిని, లోయ ప్రక్క రక్షణ గోడ యుండవలసిన చోటును గూడ విచారింపవలదా?

గాయపడి బ్రతికినవారి గతి మరియొక తీరు. అచ్చట ప్రభుత్వ వైద్యము ఉచితమే. కాని విరిగిన కాలు అతుకువరకు కూలి యెవరిత్తురు? సంపాదించు మనిషి మంచము పట్టినచో ఆ యిల్లు అప్పుల పాలగును; పిల్లల చదువు ఆగును. ఇది ఏ లెక్కలలోను చేరని నష్టము.

అయినను ఆ ద్వీపము చేసిన యొక సత్కార్యమును తప్పక చెప్పవలెను. అందు మన తెలుగునాటికి సంబంధము గలదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమైన 108 అంబులెన్సు పద్ధతినే ఆధారముగా గొని, భారత ప్రభుత్వ సహాయముతో, 2016 జూలైలో శ్రీలంకయందు 1990 అను సంఖ్యతో "సువసెరియ" సేవ మొదలైనది. తొలుత పశ్చిమ, దక్షిణ రాష్ట్రములలో 88 వాహనములతో ఆరంభమై, పిదప తొమ్మిది రాష్ట్రములకును వ్యాపించినది. సేవ పూర్తిగా ఉచితము. సింహళము, తమిళము, ఇంగ్లీషు — ఏ భాషలో పిలిచినను జవాబు లభించును. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ విలువ వేరుగ చెప్పవలెనా? నెత్తురోడుచున్నవానికి పరభాషలో చిరునామా చెప్పుట తరమగునా?

కాని అంబులెన్సు ప్రమాదము జరిగిన పిదప వచ్చునది. జరుగకుండ చేయు మార్గములు తెలియనివి కావు. సగటు వేగము నూటికి ఒక పాలు పెరిగినచో ప్రాణాంతక ప్రమాద భయము నూటికి నాలుగు పాళ్ళు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. సరియైన హెల్మెట్టు సరిగా ధరించినచో మరణ భయము ఆరవ వంతునకు తగ్గగలదు. కాలిబాటలు, బడుల వద్ద వేగపరిమితి, బస్సు సిబ్బందికి నెలజీతము — ఇవేవియు అసాధ్యములు కావు.

దోమను జయించిన ద్వీపము వేగమును జయింపలేదా? జయింపగలదు, ముందుగా దానిని వ్యాధిగా గుర్తింపవలెను. మన మున్న ఊళ్ళలోను ఇదే నియమము. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు టోపీతో సమానమని మన యువకులకు చెప్పుడు. మన వీధికి కాలిబాట కావలెనని పురపాలక సంఘమును అడుగుడు. ప్రమాదము జరిగినపుడు "ప్రాప్తము" అని నిట్టూర్చుటకు మారు, "కారణమేమి?" అని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నతోనే చికిత్స మొదలగును.