వీధి అందరిదీ కదండీ!

సోదరీమణులారా! 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు ఖర్చు తప్పింది. సంతోషమే. మరి బస్సు మన పేటలోకి రావద్దూ?

లెక్క చూడండి. 20 అడుగుల వీధికి చెరో వైపు కారు నిలిపితే, ఒక్కొక్కదానికి సుమారు 6 అడుగులు పోగా 8 మిగులుతాయి. బస్సు వెడల్పే 8 అడుగులు దాటుతుంది! సైకిలు మీద బడికెళ్ళే పిల్లలు ఎటు తప్పుకుంటారు?

“మా గుమ్మం ముందు మా ఇష్టం” అంటారు కొందరు. గుమ్మం వారిదే, వీధి అందరిదీ. కాలనీ సంఘం మీటింగుకు మీరూ వెళ్ళండి. బస్సు తిరిగే వీధిలో కార్లు ఒక్క వైపే ఆపాలని పట్టుబట్టండి. అప్పుడు 14 అడుగులు మిగిలి, బస్సూ సైకిలూ సుఖంగా సాగుతాయి. కూరల సంచులతో మెయిన్ రోడ్డు నుంచి నడిచి వచ్చేది మనమే కదా!