గొర్రె చచ్చిన సంగతి ఎవరికి చెప్పాలి?



పట్టాలు అందుకోవడానికి రేణిగుంటలోని ఈ హాల్లో ఒకపక్క పశువైద్యం చదివినవాళ్లు, ఇంకోపక్క నర్సింగ్, ల్యాబ్ కోర్సులు చేసినవాళ్లు కూర్చున్నారు. రేపట్నుంచి ఒకరి జీతం పశుసంవర్ధక శాఖ ఇస్తుంది, ఇంకొకరిది ఆరోగ్య శాఖ. ఫైళ్లు వేరు, పైఅధికారులు వేరు. మీకు అప్పగించబోయే ఊళ్లు మాత్రం అవే.

ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఈ మధ్య కుంకీ ఏనుగుల శిబిరంతో పేరు వినిపిస్తున్న ముసలిమడుగు, పలమనేరు దగ్గర. 2011 జులై, ఆగస్టు నెలల్లో ఆ ఊళ్లో కొందరికి ఒంటి మీద పుండ్లు లేచాయి. ముందు దురద పెట్టే పొక్కు, తర్వాత నీటిబొబ్బ, అది చితికితే నడుమ నల్లటి చెక్కు. చూడ్డానికి భయంగా ఉంటుందిగానీ నొప్పి పెద్దగా ఉండదు. అందుకే ఆసుపత్రికి పోవాలని తొందరగా తోచదు. అది ఆంత్రాక్స్, మన పల్లెల్లో చెప్పే దొమ్మ రోగం. చచ్చిన గొర్రెల్ని ముట్టుకుని, కోసి, తోలు తీసినవాళ్లకు అంటుకుంది.

దొమ్మతో చచ్చిన జీవానికి ముక్కులోంచో వెనకనుంచో నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. కత్తి పెట్టకుండా ఉంటే కళేబరం లోపలి సూక్ష్మజీవి చాలావరకు ఆ కుళ్లులోనే నశిస్తుంది. కోశామా, రక్తానికి గాలి తగిలి ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ సిద్ధబీజాలు మట్టిలో పదుల ఏళ్లు అలాగే పడి ఉంటాయి. వానలకు మట్టి కదిలి పైకొస్తాయి, మొలిచిన పచ్చికతోపాటు ఇంకో గొర్రె నోట్లోకి పోతాయి. ఆ నేల మీదే ఏనుగులూ తిరుగుతాయి, దొమ్మ ఏనుగునైనా పడగొట్టగలదు. మనిషి, పశువు, నేల కలిసే చోటు చూపించమంటే నేను ముందు ఆ కత్తినే చూపిస్తాను.

మరి కాపరి ఎందుకు కోస్తాడు? తెలియక అంటారు మనవాళ్లు, కరపత్రాలు పంచుతారు. నాకైతే ఆ మాట మీద నమ్మకం లేదు. గొర్రె జబ్బుతో చచ్చిందని కాపరికి మనకంటే ముందే తెలుసు. ఒక గొర్రె చస్తే పోయేది వేల రూపాయలు. కోసి పదిమందికి కుప్పలేసి అమ్మితే సగమన్నా చేతికొస్తుంది. సున్నం చల్లి లోతుగా పూడ్చెయ్యమని చెప్పేవాళ్లు ఆ గుంత తవ్వే కూలి ఎవరిస్తారో, గొర్రె డబ్బు ఎప్పుడొస్తుందో కూడా చెప్పాలి. బీమా డబ్బు కోసం కాళ్లరిగేలా తిప్పించుకున్న మనిషి రెండోసారి మీకు కబురు పెట్టడు, కత్తి తీస్తాడు.

ఇంకో నల్లటి చెక్కు గురించి చెప్తాను. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ రాష్ట్రమంతా వార్తల్లోకెక్కినప్పుడు కేసులు ఎక్కువున్న జిల్లాల్లో మన చిత్తూరు ముందువరసలో ఉంది. ఎలుకల మీద, పొదల్లో బతికే కంటికానని పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు మచ్చ పడుతుంది. అది చంకలోనో, మొలతాడు కిందో, రవిక అంచు కిందో దాక్కుని ఉంటుంది. జ్వరమని వచ్చిన ఆడమనిషికి బట్ట కదల్చకుండా చీటీ రాసిస్తే ఎలా కనబడుతుంది? నర్సమ్మలూ, ఇది మీ చేతిలో పని. పక్కకు తీసుకుపోయి చూడండి. "అమ్మా, గడ్డి కోసుకురావడానికి ఎక్కడికి పొయినావు?" అని అడగండి. తొందరగా పట్టుకుంటే చౌకగా దొరికే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఆ మందు వెనక మనవాడొకడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలకు సారథిగా ఉన్న రోజుల్లోనే, అక్కడ బెంజమిన్ దుగ్గర్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. తర్వాత కొద్దికాలానికే అదే ఆరియోమైసిన్‌ను కోళ్లు, పందులు తొందరగా ఎదుగుతాయని మేతలో కలపడం మొదలైంది. మందులకు లొంగని క్రిములు పుట్టుకొచ్చిన దారుల్లో అదొకటి. మన దేశంలో చివరి అస్త్రంలా దాచుకోవాల్సిన కోలిస్టిన్‌నూ కోళ్లకు పోశారు. 2019లో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది. పశువైద్యులారా, రైతు ఇంజెక్షన్ వెయ్యమని పట్టుబట్టినప్పుడు వద్దని చెప్పడం కష్టమే. చెప్పండి.

పాడికి పేరుపడ్డ జిల్లా చిత్తూరు. ఈసుకుపోయిన ఆవు మాయను వట్టి చేత్తో లాగే ఇల్లాలికి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, నడుంనొప్పి ఉంటే అది బ్రూసెల్లా కావచ్చు. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు టీకా ఉంది. ఆ జ్వరానికి మందు దూడ దగ్గర మొదలవుతుందని డాక్టరుకు గుర్తుచేసేది ఎవరు?

రేణిగుంట జంక్షన్‌లో నిలబడితే గూడూరు వైపు, అరక్కోణం వైపు, కడప వైపు, తిరుపతి వైపు బళ్లు కనిపిస్తాయి, పక్కనే విమానాశ్రయం. తిరుమల కొండకొచ్చే జనంలో ఎక్కడి జ్వరమైనా ఇక్కడ దిగొచ్చు. మన రాష్ట్రంలోనే చూడండి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప అదే జబ్బుతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నదని విచారణలో తెలిసింది. ఉడికించి తింటే భయం లేదని అప్పటికి అందరం చెప్తూనే ఉన్నాం. వంటింట్లో కోసేటప్పుడు పక్కన కూర్చునే పిల్లల సంగతి ఆ మాటలో లేదు.

108 అంటే చంటిపిల్లలకూ తెలుసు. పశువులకు 1962 బండి ఉందని ఎందరికి తెలుసు? రెండు బళ్లూ ఒకే ఊరి రచ్చబండ దగ్గర ఆగుతాయి, ఒకదాని డ్రైవరుకు ఇంకోదాని కబురు తెలియదు. మనిషి, పశువు, నేల ఆరోగ్యం ఒకటేననే వన్ హెల్త్ పేరుతో ఢిల్లీలో జాతీయ మిషన్ ఉంది, మంచిదే. పలమనేరులోనో పుంగనూరులోనో ఉద్యోగంలో చేరినవాళ్లు మాత్రం దానికోసం ఎదురుచూడొద్దు. చేరిన వారంలోనే పక్క శాఖ ఆఫీసుకు పోయి ఒక టీ తాగండి. ఈ మండలంలో ఇదివరకు దొమ్మ వచ్చిన ఊళ్లేవో అడిగి రాసుకోండి. ఆ జాబితా పశువుల ఆసుపత్రి గోడకూ, పీహెచ్‌సీ గోడకూ ఒకటే అంటించండి. తొలకరి పడకముందే ఆ ఊళ్ల మందలకు టీకా పడిందో లేదో ఇద్దరూ కలిసి పోయి చూసి రండి.