ఆర్‌పీఎమ్ ముల్లు సున్నాకి పడిపోతోందా? మీటర్ మార్చే ముందు ఇది చూడండి

పాత కార్ల సిరీస్‌లో ఇవాళ చాలామంది అడిగిన విషయం చూద్దాం. బండి బాగానే పోతుంటుంది, ఉన్నట్టుండి ఒక జర్క్ కొడుతుంది, ఆర్‌పీఎమ్ మీటర్ ముల్లు సున్నాకి పడి మళ్ళీ లేస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే "మీటర్ పోయింది సార్, మార్చేద్దాం" అంటారు. మార్చిన వారానికి మళ్ళీ అదే కథ. ఎందుకంటే ఆ మీటర్ బాగానే ఉంది. ఇంజిన్‌లో జరిగింది జరిగినట్టు చూపించింది, అంతే.

ముందే చెప్తున్నాను, ఇది డిస్ట్రిబ్యూటర్ ఉన్న పెట్రోల్ బండ్ల సంగతి. కార్బ్యురేటర్ కాలం నాటివి. డీజిల్‌లో స్పార్కే ఉండదు కాబట్టి వాటి మీటర్ లెక్క వేరు. ఈసీయూ ఉన్న బండ్లదీ వేరు. అంబాసిడర్, పద్మిని లాంటి వాటికి మామూలుగా కంపెనీ నుంచి ఆర్‌పీఎమ్ మీటర్ రాదు, కానీ రెస్టోర్ చేసేవాళ్ళు బయటి మీటర్ కొని పెట్టుకుంటున్నారు. వాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు ఈ మీటర్ ఎలా పనిచేస్తుందో చూడండి. ఇగ్నిషన్ కాయిల్‌కి ప్లస్, మైనస్ అని రెండు టెర్మినళ్ళు ఉంటాయి. ప్లస్‌కి కీ స్విచ్ నుంచి 12 వోల్టులు వస్తాయి. మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకి గాని, ఎలక్ట్రానిక్ అయితే ఇగ్నైటర్‌కి గాని వైరు వెళ్తుంది. పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్ ప్రైమరీలో కరెంటు తెగుతుంది. ఆ తెగడం వల్లే సెకండరీలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర స్పార్క్ వస్తుంది. అదే మైనస్ నుంచి ఒక సన్న వైరు మీటర్ బోర్డుకి పోతుంది. మీటర్ చేసే పనల్లా ఆ తెగడాల్ని లెక్కపెట్టడం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకి రెండు స్పార్కులు. అంటే 900 ఆర్‌పీఎమ్ ఐడ్లింగ్‌లో సెకనుకి 30, 3000 దగ్గర సెకనుకి 100.

ఇక్కడ ఒక్క పాయింట్ గట్టిగా పట్టుకోండి. మీటర్ చూసేది కాయిల్ ప్రైమరీని మాత్రమే. ప్లగ్గులో స్పార్క్ పడిందా, ప్లగ్ వైరు లీక్ అవుతోందా, రోటర్ పగిలిందా, పెట్రోల్ వస్తోందా, ఇవేవీ దానికి తెలియవు. అందుకే బండి జర్క్ కొట్టే ఆ క్షణంలో ముల్లు ఏం చేసిందో చూస్తే సగం వెతుకులాట అక్కడే అయిపోతుంది.

ఎలాగంటారా? బండి గేరులో ఉంది, క్లచ్ తొక్కలేదు, 60లో పోతోంది. ఇంజిన్ ఫైరింగ్ ఆగిపోయినా చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. అప్పుడు కాయిల్‌కి కరెంటు వచ్చి తెగుతూ ఉంటే ముల్లు పడదు, బండి స్పీడుతో పాటు మెల్లగా దిగుతుంది. అలా దిగితే ప్రైమరీ బాగుంది అని. మీరు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, లేదా పెట్రోల్ లైను చూసుకోవాలి. అలా కాకుండా ముల్లు టపీమని సున్నాకి పడిందంటే ప్రైమరీ తెగింది. కీ స్విచ్, కాయిల్, పాయింట్లు, ఇగ్నైటర్, మధ్యలో వైర్లు. ప్లగ్గుల జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇందులోనే ఇంకో సంగతి గమనించండి. ముల్లు పడినప్పుడు పక్కన పెట్రోల్ గేజ్, టెంపరేచర్ గేజ్ కూడా పడ్డాయా? అన్నీ కలిసి పడితే అనుమానం కీ స్విచ్ మీదకి, లేదా దాని ఫ్యూజు, కనెక్టర్ మీదకి వెళ్తుంది. మిగతావి మామూలుగా ఉండి ఆర్‌పీఎమ్ ఒక్కటే పడితే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ దాకా వెతకాలి. డ్రైవ్ చేస్తూ ఇవన్నీ మీరు చూడొద్దు, ప్రమాదం. పక్క సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి మీటర్ బోర్డుని ఫోన్‌లో వీడియో తీయించండి. తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు.

మొన్న ఒక పెద్దాయన 1998 మోడల్ కార్బ్యురేటర్ సెడాన్ తీసుకొచ్చారు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే బండి ఒక్కసారి చచ్చిపోయి మళ్ళీ అందుకుందట. ఎదురుగా బస్సు. ఆయన పక్కన మనవరాలు ఉంది. అప్పట్నుంచి ఇంట్లోవాళ్ళు ఆ కారు ఎక్కనివ్వట్లేదు. "అమ్మేయమంటున్నారు బాబూ, ఏం చేయమంటావో చెప్పు" అన్నారు. అప్పటికే రెండు చోట్ల చూపించారు. ఒకచోట మీటర్ మార్చారు, ఇంకోచోట ఫ్యూయల్ పంపు, ప్లగ్గులు మార్చారు. షెడ్డులో స్టార్ట్ చేసి గంటసేపు ఐడ్లింగ్‌లో ఉంచితే ఏమీ లేదు. అందుకని "వేడికి ఇగ్నైటర్ పోతోంది" అని తేల్చారు. అది కూడా మామూలుగా వచ్చే జబ్బే, కాదనను. కానీ వేడికి పోయే ఇగ్నైటర్ సాధారణంగా ఆగిందంటే చల్లారేదాకా అందుకోదు. ఇది ఒక్క క్షణం ఆగి మళ్ళీ పోతోంది.

నేను ఆయన్ని అడిగింది ఒక్కటే. ఆగే ముందు మీ కాలు ఏం చేస్తోంది? ఆలోచించి చెప్పారు, "నిదానంగా పోతుంటే ఏం కాదు, గట్టిగా తొక్కినప్పుడే." వీడియో తీస్తే ముల్లు సున్నాకి పడుతోంది, పెట్రోల్ గేజ్ కదలట్లేదు. కాయిల్ ప్లస్‌కి టెస్ట్ ల్యాంప్ కట్టి వైరు లోపలికి లాగి పెట్టాం. జర్క్ కొట్టినా ల్యాంప్ ఆరలేదు. అంటే కరెంటు వస్తోంది, దాన్ని తెంపేవాడు పని మానేస్తున్నాడు.

డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి డబ్బా ఉంటుంది చూశారా, సన్న గొట్టం వచ్చి తగులుతుంది. అది వాక్యూమ్ అడ్వాన్స్. ఎక్సలేటర్ సగం తొక్కి నిలకడగా పోతున్నప్పుడు వాక్యూమ్ దాన్ని లాగుతుంది, లోపల ప్లేటు తిరిగి స్పార్క్ ముందుకి జరుగుతుంది. ఒక్కసారి పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది. పికప్ కాయిల్ ఉండేది ఆ ప్లేటు మీదే. దాని రెండు సన్న వైర్లు ఇరవై ఐదేళ్ళ పైగా ప్లేటుతో పాటు అటూ ఇటూ వంగుతూనే ఉన్నాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగ తెగి ఉంటుంది. ఐడ్లింగ్‌లో ప్లేటు కదలదు, కాబట్టి షెడ్డులో ఏ జబ్బూ కనబడదు. ఓవర్‌టేక్ చేయడానికి తొక్కిన క్షణంలోనే ప్లేటు కదులుతుంది, తీగ విడిపోతుంది. ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడే ఆగుతుందన్నమాట.

కనిపెట్టడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. కీ ఆఫ్ చేసి, పికప్ వైర్ల కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండు వైర్లకి తగిలించాం. రీడింగ్ వచ్చింది. ఆ వాక్యూమ్ గొట్టం కార్బ్యురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చి వదిలితే, ప్లేటు కదిలిన ప్రతిసారీ రీడింగ్ పోయి వస్తోంది. పెద్దాయన కూడా పీల్చి చూసి నవ్వారు. మెత్తటి తీగ వేసి, టంకం పెట్టి, వంగే చోట కాస్త వదులు ఉంచి స్లీవ్ తొడిగాం. టంకం వంగే చోట పెట్టకండి, అక్కడ తీగ బిరుసెక్కి మళ్ళీ తెగుతుంది. తర్వాత పక్కన కూర్చుని అదే రోడ్డు మీద చాలాసేపు తిప్పించాను. ముల్లు ఒక్కసారి కూడా పడలేదు. బండి అమ్మలేదాయన.

పాయింట్ల బండి అయితే జబ్బులు కొంచెం వేరు. ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తూ గిజగిజలాడుతుంటే పాయింట్లు ఎగురుతున్నాయో, కండెన్సర్ పోయిందో, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిందో చూడండి. షాఫ్ట్ పట్టుకుని పక్కకి ఊపితే ఆట తెలిసిపోతుంది. బుష్ అరిగితే గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా నిలవదు, కాబట్టి పాయింట్ల మీద డబ్బులు తగలేయకండి.

ఇంజిన్ నున్నగా నడుస్తూ ముల్లు మాత్రం ఆడుతోందా? అప్పుడు మీటర్ వైపు రావచ్చు. హెడ్‌లైట్లు, ఇండికేటర్ వేసి చూడండి. ముల్లు వాటితో పాటు ఊగితే మీటర్ బోర్డు ఎర్త్ వదులైంది. ఇక బయట కొన్న మీటర్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంటే వెనక సిలిండర్ల సెలెక్టర్ ఉందేమో చూడండి. ఆరు మీద ఉంటే 900 కాస్తా 600 అని చూపిస్తుంది.

ఒకటి మర్చిపోయేవాడిని. బండి అసలు స్టార్టే కావట్లేదు, స్పార్క్ లేదు అనుకోండి. అన్నిటికంటే ముందు కాయిల్ మైనస్ నుంచి మీటర్‌కి పోయే ఆ సన్న వైరు ఊడదీసి స్టార్ట్ చేయండి. ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలినా, మీటర్ లోపల షార్ట్ అయినా, కాయిల్ కరెంటు తెగే అవకాశమే ఉండదు, స్పార్క్ రాదు. వైరు తీయగానే స్టార్ట్ అయితే కాయిల్, ఇగ్నైటర్ కొనే పని లేదు. ఊడదీసిన వైరు కొసకి టేపు చుట్టండి.

జాగ్రత్తలు కూడా వినండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కాయిల్ మైనస్ చేత్తో ముట్టుకోవద్దు, 12 వోల్టులే కదా అనుకోవద్దు, అక్కడ ఒక్కో పల్స్‌కి కొన్ని వందల వోల్టులు లేస్తాయి. ఎలక్ట్రానిక్ బండిలో నడుస్తుండగా ప్లగ్ వైరు పీకి స్పార్క్ చూడటం పాత అలవాటు, అది మానేయండి. ఇగ్నైటర్ కాలిపోతుంది, లేదంటే మీకే కొడుతుంది. వేరే ప్లగ్గు ఒకటి వైరుకి తగిలించి, దాని బాడీని ఇంజిన్‌కి గట్టిగా ఎర్త్ చేసి, సెల్ఫ్ కొట్టి చూడండి.

ముల్లు పడకుండా జర్క్ కొట్టే బండ్ల సంగతి, అంటే ప్లగ్ వైర్లు, క్యాప్, కార్బ్యురేటర్, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. మీ బండిలో ముల్లు ఏం చేస్తోందో, ఆ టైములో మీ కాలు ఎక్కడుందో రెండూ కలిపి రాసి పంపండి.