కొడుకో కూతురో తేల్చేది ఎవరు?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. మందుల సంగతి ఈరోజు ఎత్తను. మన ఇళ్ళల్లో కోడళ్ళ మీద పడే రెండు నిందల గురించి చెబుతాను.

మొదటిది మీరెరిగినదే. మూడో కాన్పూ ఆడపిల్లేనని బాలింతకు పథ్యం కూడా సరిగా వండిపెట్టని అత్తగారిని నేను చూశాను. నిజం ఏమిటంటే, మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. వాటిలో ఒక జత ఆడా మగా అన్నది తేలుస్తుంది. స్త్రీకి ఆ జతలో రెండూ ‘ఎక్స్’లే. పురుషుడికి ఒకటి ఎక్స్, ఒకటి వై. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్సే ఉంటుంది. ఆమె దగ్గర ఇవ్వడానికి వేరేది లేదు కదా! తండ్రి వీర్యకణాల్లో సగం ఎక్స్ ఉన్నవి, సగం వై ఉన్నవి. వై వచ్చి కలిస్తే కొడుకు, ఎక్స్ కలిస్తే కూతురు. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే మహిళ పిండిపురుగుల్లో ఈ తేడా చూసి చెప్పింది.

అలాగని ఇకమీదట కొడుకుల్ని తిట్టమని కాదు నేననేది. ఏ కణం ముందు చేరుతుందో అతని చేతిలోనూ లేదు. నలుగురు ఆడపిల్లల తర్వాత అయిదో కాన్పుకూ బొమ్మా బొరుసూ లెక్కే.

రెండో నింద ఇంతకంటే కష్టమైనది. సున్తీ చేయించిన నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఒకరోజు తెల్లవారుజామున నా దగ్గరకు తెచ్చారు. రాత్రంతా రక్తం ఆగలేదు. హజాం చెయ్యి మంచిది కాదన్నారొకరు, దిష్టి అన్నారొకరు. తల్లిని పక్కకు పిలిచి అడిగితే మెల్లగా చెప్పింది. పిల్లవాడి మామూకు, అంటే ఆమె తమ్ముడికి, పన్ను పీకితే మూడు రోజులు రక్తం కారిందట. మోకాళ్ళు ఊరికే వాచేవట. అది హీమోఫీలియా.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. స్త్రీకి ఒక ఎక్స్ చెడినా రెండోది చాలావరకు పని నడిపిస్తుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒకటే, అదీ తల్లి ఇచ్చినది. అందుకని అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురికీ ఆ చెడిన ఎక్స్ చేరే అవకాశం సగం. జబ్బున్న తండ్రి నుంచి కొడుకులకు రాదు, వాళ్ళకిచ్చేది వై కాబట్టి. కూతుళ్ళందరికీ మాత్రం చేరుతుంది. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్ 1884లో దీనితోనే పోయాడు. ఆమె మనవరాలి ద్వారా రష్యా యువరాజు అలెక్సీకి పోయింది. మహారాణి అయినా ఏం చేయగలిగింది?

మా పిల్లవాడి నాయనమ్మ మాత్రం “పుట్టింటి రోగం దాచి అంటగట్టారు” అంది. రోగుల్లో దాదాపు మూడోవంతు మంది ఇళ్ళల్లో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. మేనరికం వల్ల వచ్చిందంటారు కొందరు, అదీ కాదు. తలసీమియాకు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాలి కాబట్టి దగ్గరి సంబంధాల్లో భయం ఎక్కువ. ఇది అలా కాదు. ఆ తల్లి పరాయివాణ్ణి చేసుకున్నా ఇంతే.

మీరు చేయవలసింది ఒక్కటి. సున్తీకి ముహూర్తం పెట్టే ముందు పిల్లవాడి మామూలకూ, ఖాలా కొడుకులకూ, అమ్మమ్మ అన్నదమ్ములకూ రక్తం ఆగని జబ్బు ఉందేమో తల్లిని ప్రేమగా అడగండి. ఉందంటే ముందు రక్తపరీక్ష చేయించండి. ఫ్యాక్టర్ ఇంజెక్షను ఇచ్చి ఆసుపత్రిలో చేయించవచ్చు, మానుకోనక్కరలేదు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి.

ఆ పిల్లవాడు బతికాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు. వాడికో అక్క ఉంది. ఆ పిల్లకూ పరీక్ష చేయిద్దామంటే, పెళ్ళికి అడ్డమని నాయనమ్మ ఒప్పుకోలేదు. వచ్చే నెల వాళ్ళ ఊరు వెళ్ళి మళ్ళీ అడుగుతాను.