దస్త్రంలో ఒక మాట, సముద్రంలో ఒక స్థావరం
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. యుద్ధతంత్రం నాకు తెలియదు. దస్త్రం నడిచే తీరు తెలుసు. అగ్రరాజ్యాల స్పర్ధకు ఒక చిన్న జనసమూహం చెల్లించిన మూల్యాన్ని ఆ వైపు నుంచే మీ ముందుంచుతాను.

మన దేశపు దక్షిణ కొసకు సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో చాగోస్ దీవులున్నాయి. వాటిలో పెద్దది డీగో గార్సియా. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి, తరువాత భారతదేశం నుంచి వెళ్లిన కూలీల సంతతి అక్కడి కొబ్బరితోటల్లో తరతరాలుగా జీవించారు.

సోవియట్ యూనియన్‌తో పోటీపడుతున్న అమెరికాకు హిందూ మహాసముద్రం నడుమ ఒక సైనిక స్థావరం కావలసివచ్చింది. 1965లో బ్రిటన్ ఈ దీవులను మారిషస్ నుంచి విడదీసి, 1966లో అమెరికాతో ఒప్పందం చేసుకున్నది. ప్రతిఫలంగా పొలారిస్ క్షిపణుల వ్యయంలో 1.4 కోట్ల డాలర్ల రాయితీని రహస్యంగా పొందింది.

అయితే ఆ దీవుల్లో స్థిర నివాసులున్నారని ఒప్పుకుంటే, వారి విషయమై ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పవలసి ఉంటుంది. కనుక అక్కడున్నవారు స్థిర నివాసులు కారనీ, కొంతకాలం పనికోసం వచ్చిన కూలీలనీ అధికారులు దస్త్రాల్లో రాసుకున్నారు. ఆ ఒక్క మాటతో వారి పుట్టుకలు, పెళ్లిళ్లు, పూర్వీకుల సమాధులు అన్నీ లెక్కలో లేకుండా పోయాయి.

1968 నుంచి వైద్యానికో బంధువుల కోసమో మారిషస్ వెళ్లినవారిని తిరిగి రానివ్వలేదు. 1971లో డీగో గార్సియాను ఖాళీ చేయించారు. వారి పెంపుడు కుక్కలను సైతం చంపించారు. 1973 నాటికి మిగిలిన దీవులూ నిర్జనమయ్యాయి. సుమారు 1,500 నుంచి 2,000 మంది మారిషస్, సీషెల్స్ దేశాల్లో పేదరికం పాలయ్యారు. హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినది కూడా ఆ 1971లోనే!

ఆ దీవి నుంచే 1991లోనూ 2003లోనూ ఇరాక్ మీదికి, 2001లో అఫ్ఘానిస్తాన్ మీదికి బాంబర్లు ఎగిరాయి. ఒక పేద ప్రజను వెళ్లగొట్టిన నేల మీది నుంచి మరికొందరు పేదల నేలపై బాంబులు కురిశాయి. 2006లో సుమారు వంద మంది దీవివాసులను తమవారి సమాధులు చూసి రావడానికి కొద్ది రోజులు అనుమతించారు. అంతకుమించి కాదు.

2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ విభజన చట్టబద్ధం కాదని అభిప్రాయపడింది. మే నెలలో సర్వప్రతినిధి సభలో 116 దేశాలు మారిషస్ పక్షాన నిలిచాయి; వ్యతిరేకించినవి ఆరు మాత్రమే. మన దేశమూ మారిషస్‌నే సమర్థించింది. 2025 మేలో దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై సంతకాలైతే అయ్యాయి గాని, స్థావరం మాత్రం 99 ఏళ్ల కౌలుపై అక్కడే ఉంటుంది. డీగో గార్సియాలో పుట్టినవారికి ఆ ఒప్పందం ప్రకారం కూడా అక్కడ తిరిగి స్థిరపడే వీలు లేదు.

సోదరులారా! సైనిక వ్యయపు పద్దుల్లో రన్‌వే ఖరీదు ఉంటుంది, క్షిపణి ఖరీదు ఉంటుంది. ఊరు పోగొట్టుకున్నవారి నష్టానికి అక్కడ పద్దు లేదు. ఆ పద్దును మనమే రాసి ఉంచాలి, అడుగుతూ ఉండాలి.

మరొక మాట. మనిషిని నేలకు పరాయివాణ్ణి చేసే పని తుపాకితో కాక కలంతో మొదలవుతుందని ఈ ఉదంతం చెబుతున్నది. కనుక మీ జనన ధ్రువపత్రాలు, భూమి కాగితాలు, ఓటర్ల జాబితాలో పేర్లు సరిచూసుకోండి. చదువురాని పొరుగువారికి, వారు ఏ మతస్థులైనా సరే, ఆ పని చేసిపెట్టండి. ఒక పాత గుమస్తాగా నేను చేయగలిగిన విన్నపం ఇది.