పొరుగింటి పిల్లి



నేడు ప్రస్తావింపబోవు విషయము వినుటకు స్వల్పము; దానివలన పుట్టు కలహములు మాత్రము స్వల్పములు కావు. పొరుగువారి పిల్లి గోడ దూకి వచ్చి, పాలు త్రాగి, కోడిపిల్లలను పట్టి, పెరటిమడిని పాడుచేసి పోవుచున్నచో గృహస్థు చేయదగిన దేమి?

మొదట పిల్లి స్వభావము నెఱుగవలెను. అది మనలను జూచి రాలేదు, మన గాదెలను జూచి వచ్చినది. ధాన్య మున్నచోట ఎలుక, ఎలుక యున్నచోట పిల్లి. సైప్రసు దీవిలో సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధియందు మనుష్యుని ప్రక్కనే పిల్లి యస్థిపంజరము కనబడినదని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంత ప్రాచీనమైనది యీ చెలిమి. కావున పల్లికాయ బస్తాల చాటున ఎలుకలున్నంతవఱకు, దాలిలోని పాలకుండకు సరియైన మూత లేనంతవఱకు, పిల్లి రాక మానదు. దస్తావేజులలోని హద్దులు మనకే గాని దానికి లేవు.

కొందఱు కోపావేశమున ఎలుకల మందును చేపముక్కలో గలిపి గోడప్రక్క నుంచుదురు. ఇది కూడని పని. పిల్లిని చంపిన పాపము గుడి కట్టినను పోదని పెద్దల సామెత. రాజశాసనమును దీని నొప్పదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ప్రకారము జంతువును చంపినను, విషము పెట్టినను ఐదేండ్లవఱకు కారాగారమో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అదిగాక విషమునకు తన పర భేదము లేదు. ఆ ముక్కను కాపలాకుక్క తినవచ్చును. ఆడుకొను పసిబిడ్డ చేత బట్టవచ్చును. మా లింగాల నల్లమల యంచుననున్న యూరు. ఇట్టి యూళ్లలో రాత్రివేళ వచ్చినది అడవిపిల్లియే కావచ్చును. పొడవైన కాళ్లు, కుఱుచ తోక, చెవికొనల నల్లని కుచ్చు దాని గుర్తులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది.

గోనెలో గట్టి దూరగ్రామమున విడుచుటయు తగదు. అది మన బాధను మఱియొకరి నెత్తిన బెట్టుటయే. ఇచ్చట ఆహారము దొరకుచున్నంతకాలము ఖాళీయైన చోటికి వేఱొక పిల్లి వచ్చును.

మఱి యుపాయమేమి? మొదటిది మన యింటి కట్టుదిట్టము. పిల్లి శాపములకు ఉట్లు తెగవందురు. ఆ ఉట్టిని మరల వ్రేలాడదీయుడు. వంటింటి కిటికీకి ఇనుపజాలి కొట్టించుడు. ప్రొద్దు గ్రుంకగనే కోడిపిల్లలను గంపక్రింద మూసి, పైన రాయి పెట్టుడు. నారుమడిలో మెత్తని మట్టి కనబడకుండ ముండ్లకంప పఱచుడు. నిమ్మతొక్కల వాసన పిల్లికి గిట్టదు. జాలి కలిగి ఒక్కనాడు పాలు పోసితిమా, మఱునా డదే వేళకు వచ్చి నిలుచును.

రెండవది మంచిమాట. రచ్చబండకడ నలుగురిలో గాక, ఉదయమున వారి యింటికే పోయి, “అన్నా, మీ పిల్లి మా యింట పాలు దక్కనిచ్చుట లేదు, ఏదైన ఉపాయము చూతము” అని నెమ్మదిగా పలుకవలెను. కోరవలసినవి రెండే. పిల్లికి వేళకు తమ యింటనే కడుపునిండ తిండి పెట్టుట మొదటిది. పశువైద్యునిచే సంతాననిరోధ శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించుట రెండవది. చికిత్స జరిగిన గండుపిల్లికి తిరుగుడు, పోట్లాట, దుర్గంధపు మూత్రము తగ్గును. ఆడుపిల్లి రెండు నెలలే చూలు మోయును. దాని కూన ఆఱు నెలలైన నిండకమునుపే చూలు కట్టవచ్చును. నేడొకటి యున్నచోట త్వరలోనే పది యగును. వ్యయములో సగము మన మిత్తుమన్నచో పొరుగువాడు కాదనుట అరుదు.

ఆరోగ్యవిషయము నొక్కటి మఱవరాదు. పిల్లి కఱచినను గీఱినను గాయమును సబ్బుతో, పాఱునీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు పూసి యూరకుండరాదు. గర్భిణీస్త్రీలు పిల్లిమలమును తాకరాదు. దానివలన గర్భస్థశిశువునకు హాని కలుగవచ్చును.

పంచతంత్రములో కపింజలమను పక్షియు, కుందేలును ఒక తొఱ్ఱకై తగవులాడి, తపస్వివలె నటించు ముసలి పిల్లిని తీర్పు అడుగబోయి రెండును దాని నోట బడినవి. మనము పిల్లినిగూర్చి తగవులాడి ఠాణాకును, కచేరికిని తిరిగినను ఫలము కొంచె మించుమించుగా నంతియే. పాలు పోయిన మఱునాడు మరల పితుకవచ్చును. అర్ధరాత్రి ఇంట నెవరికైన ప్రాణముమీదికి వచ్చినప్పుడు మొదట తలుపు తట్టవలసినది ఆ పొరుగింటిదే. పిల్లి యుండునది పదునైదేండ్లు. పొరుగు మన మనుమల కాలమునను ఉండును. దాని నెఱిగి నడచుకొనుట పెద్దల లక్షణము.