తమ పేరిట పరదేశ నివాసం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరిహద్దు అంటే ఏమిటో బళ్ళారివారికి వేరే చెప్పనవసరం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి పట్టణమూ, తక్కిన తాలూకాలూ మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, రాష్ట్రం మాత్రం మారింది. అదే రోజులలో తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకు వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు అక్కడ కొద్దిపాటి పొలం అమ్ముకొని, ఆ సొమ్ముతో సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో అంతకు ఎన్నో రెట్లు నేల కొని, ముళ్ళకంపలు కొట్టి వరిమళ్ళు చేశారు. వారు కట్టుకొన్న ఊళ్ళకు నేటికీ 'క్యాంపు' అన్న పేరే నిలిచింది. వారు ఎవరి దగ్గరా జీతానికి వచ్చినవారు కారు. తమ సొమ్ము, తమ సాహసం, తమ నష్టభయం మీద వచ్చినవారు. అనుమతి పత్రం అడిగినవారూ లేరు, ఎందుకంటే దేశం ఒకటే.

అటువంటి వలసే దేశపు ఎల్లలు దాటి జరిగితే ఏమవుతుందన్నది నేటి ప్రసంగ విషయం. ఇరవై ఏళ్ళ క్రితం వరకు పరదేశం వెళ్ళడమంటే ఒక కంపెనీ పిలవాలి, లేదా ఒక విశ్వవిద్యాలయం చేర్చుకోవాలి. కాగా ఇటీవల కొన్ని దేశాలు సొంత వ్యాపారం పెట్టుకొనేవారికీ, పత్రికలు ఫ్రీలాన్సర్లని వ్రాస్తున్న స్వతంత్ర వృత్తిదారులకూ వారి పేరిటనే నివాస వీసా ఇస్తున్నాయి. ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే పూర్వచరిత్ర కొంత చెప్పుకోవాలి.

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. అందులో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అయిదేళ్ళు ఒక యజమాని తోటలో పని చేస్తామని వ్రాసి ఇచ్చిన కూలీలు వారు. ఒప్పందం తీరేవరకు యజమానిని మార్చుకొనే స్వేచ్ఛ లేదు. తరువాతి కాలంలో అదే రేవులో సొంత టిక్కెట్టు కొనుక్కొని దిగిన వర్తకులు కూడా ఉన్నారు, వారిలో గుజరాతీలు ఎక్కువ. వారిని 'పాసెంజర్ ఇండియన్లు' అన్నారు. ఒకే సముద్రం, ఒకే రేవు. అయినా కట్టుబడి వచ్చినవాని బ్రతుకు వేరు, టిక్కెట్టు కొన్నవాని బ్రతుకు వేరు. బర్మాకు వెళ్ళిన తెలుగు కూలీలు కూడా మేస్త్రీ ఇచ్చిన బయానాకు బద్ధులై వెళ్ళినవారే. 1876-78 నాటి కరువు బళ్ళారి జిల్లాను ఎంతగా కుంగదీసిందో పెద్దలు విన్నదే. ఆకలితో సంతకం పెట్టేవాడు షరతులు చదువుకోడు.

గల్ఫు దేశాలలో ఈ కట్టు మరొక రూపంలో కొనసాగింది. అక్కడ పనివాని నివాసపు అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. కడప నుండి, కరీంనగరు నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్ళిన వేలాదిమందికి 'కఫీల్' అన్న అరబ్బీ మాట వేరే వివరించనక్కరలేదు. కఫీలుతో చెడితే ఉద్యోగమే కాదు, ఆ దేశంలో నిలిచే హక్కే పోయేది. ఇటీవలి చట్టాలు ఈ ముడిని కొంత సడలించాయి గాని పూర్తిగా విప్పలేదు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్న ఇంజనీరుకు జీతం గొప్పదే. అతడు కూడా ఉద్యోగం పోయిన నాటి నుండి రోజులు లెక్కపెట్టుకోవలసినవాడే.

ఈ నేపథ్యంలో సంయుక్త అరబ్ ఎమిరేట్లు 2022 అక్టోబరు నుండి అమలు చేసిన 'గ్రీన్ వీసా' గమనింపదగినది. అయిదేళ్ళ నివాసం, పోషకుడైన యజమాని అవసరం లేదు. వీసా ముగిసినా, రద్దయినా ఆరు నెలల వరకు గడువు ఉంటుంది. పోతే, ఇది ఎవరికి అందుతుందన్నది అసలు ప్రశ్న. ఊహకు ఒక అమ్మాయిని తీసుకొందాం. కౌల్ బజారులో జీన్స్ కుట్టే ఇంట పుట్టి, తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటరు మీద దుస్తుల నమూనాలు గీసి బయటి దేశాల కంపెనీలకు పంపుతున్నది. బళ్ళారి జీన్స్‌కు దేశంలో ఉన్న పేరు తెలిసినదే, కాబట్టి ఈ ఊహ మరీ దూరమైనదేమీ కాదు. ఆమె అక్కడి మానవ వనరుల మంత్రిత్వశాఖ నుండి స్వయం ఉపాధి పర్మిట్ పొందాలి. డిగ్రీ గాని, ప్రత్యేక డిప్లొమా గాని చూపాలి. గడచిన రెండేళ్ళలో సొంత వృత్తిపై ఏటా 3,60,000 దిర్హాములకు తగ్గని ఆదాయం, లేదా అక్కడ నిలదొక్కుకోగల ఆర్థిక స్తోమత నిరూపించాలి. నేటి మారకపు విలువలో ఆ ఆదాయం దాదాపు ఎనభై లక్షల రూపాయలకు పైమాటే! యజమాని కట్టు తీసివేసిన చేత్తోనే ఎంత ఎత్తున గడప కట్టారో చూడండి. ఫ్రీజోన్‌లు అనబడే వ్యాపార ప్రాంతాలు అమ్మే ఫ్రీలాన్స్ పర్మిట్లతో రెండేళ్ళ వీసా తక్కువ ఖర్చులో దొరుకుతుంది. అయితే ఆ పర్మిట్‌లో వ్రాసిన వృత్తి తప్ప మరొకటి చేయరాదు, గడువు తీరగానే మళ్ళీ రుసుము కట్టాలి.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడి నివాస చట్టంలోని 21వ సెక్షన్ స్వయం ఉపాధికి సంబంధించినది. వ్యాపారస్థులను ఒక విధంగా, రచయితలు, అనువాదకులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు మొదలైన స్వతంత్ర వృత్తులవారిని మరొక విధంగా చూస్తారు. నలభై అయిదేళ్ళు దాటినవారు వృద్ధాప్యానికి తగిన ఏర్పాటు ఉన్నదని కూడా చూపాలి. మనవైపు ఆ ప్రశ్నకు 'కొడుకులున్నారు' అని జవాబు చెప్పడం ఆనవాయితీ; అక్కడి అధికారి ఒప్పుకోడు. పోర్చుగల్ 2022 అక్టోబరు చివర నుండి బయటి దేశాల పనిని అక్కడ కూర్చొని చేసేవారికి వీసా ఇస్తున్నది. ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్లు ఆదాయం ఉండాలి. అమెరికాలో ఒప్పంద దేశాల పెట్టుబడిదారులకిచ్చే ఇ-2 వీసా భారతీయులకు లేదు, అటువంటి ఒప్పందమే రెండు దేశాల మధ్య జరగలేదు. మిగిలిన ఇబి-5 మార్గానికి 2022 నాటి చట్టం ప్రకారం తక్కువలో తక్కువ 8,00,000 డాలర్ల పెట్టుబడి కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎస్టోనియా దేశం 2014 డిసెంబరు నుండి 'ఇ-రెసిడెన్సీ' అనే కార్డు ఇస్తున్నది. దానితో ఇంట్లో కూర్చొనే అక్కడ కంపెనీ నమోదు చేసుకోవచ్చు. ఆ దేశంలో అడుగుపెట్టే హక్కు మాత్రం దానితో రాదు. పేరులో నివాసం ఉన్నది, కార్డులో లేదు. ఏజెంట్లు చూపే కాగితం మీద ఏమి వ్రాసి ఉందో చదువుకోకపోతే మేస్త్రీ బయానా కాలం తిరిగివచ్చినట్లే.

సొంత పేరు మీద వెళ్ళినవారికి మరొక భారం కూడా ఉంది. జబ్బు చేస్తే సెలవు జీతం ఇచ్చేవారు ఉండరు. పని రాని నెలలో ఇంటి అద్దె ఆగదు. ఎమిరేట్లలో సాధారణ నివాస వీసా గలవారు ఆరు నెలలకు మించి ఏకధాటిగా దేశం బయట ఉంటే అది చెల్లకుండా పోతుంది. భారత ఆదాయపు పన్ను చట్టం ఏడాదిలో ఇక్కడ ఎన్ని రోజులున్నారో లెక్కిస్తుంది. 182 రోజులన్నది అందులో ముఖ్యమైన హద్దు. తండ్రికి పక్షవాతం వచ్చి, సాయానికి మరొకరు లేక బిడ్డ ఊరికి వచ్చిందనుకోండి. ఒక పక్క మందుల సీసా, మరొక పక్క పంచాంగంలో రోజుల లెక్క పెట్టుకొని కూర్చోవలసిందే. ఈ మాట ఎవరినీ వెళ్ళవద్దని ఆపడానికి కాదు. వెళ్ళేవారు ఇంటిలోని పెద్దలతో కూర్చొని ముందుగా మాట్లాడుకోవలసిన సంగతి ఇది. చాలా ఇళ్ళలో దీనినే మాట్లాడరు.

మరి పాఠశాలకు ఇందులో పాత్ర ఏమిటని అడగవచ్చు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఇ.సి.ఆర్. గుర్తు పడుతుంది, అటువంటివారు గల్ఫుతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైనవారికి ఆ అవసరం లేదు. అది తెలుగు మాధ్యమమా, కన్నడ మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అని ఆ చట్టం అడగదు. భాషల విషయంలో సరిహద్దు పిల్లలకు లోటు కన్న లాభమే ఎక్కువ. ఇంట తెలుగు, బజారులో కన్నడం, పక్కింట ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, హిందీ నేర్చిన పిల్లకు జర్మను మరొక భాష మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాస్తారు, కర్ణాటకలో ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరంగా చేర్చుతారు. బడి రికార్డులో ఒక పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, డిగ్రీ పత్రంలో అసలు ఇంటిపేరే లేకపోవడం సర్వసాధారణం. పెళ్ళయిన ఆడపిల్లలకు ఈ చిక్కు రెండింతలు. 2022 నవంబరులో ఎమిరేట్లు పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాలు ఇవ్వబోమని ప్రకటించాయి. ఇక పుట్టిన తేదీ సంగతి. ఒకనాడు పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి వచ్చిన తండ్రి, 'వాన పడిన ఏడు పుట్టాడు, మీరే వేసుకోండి' అంటే పంతులుగారు జూన్ 1 వేసేవారు. ఆ లెక్కన తరగతిలో సగంమంది ఒకేనాడు పుట్టిన కవలలు! ఆనాడు అది నవ్వుకొనే విషయం. ఈనాడు దరఖాస్తు తిరిగివచ్చే విషయం.

పదవ తరగతి పత్రం అచ్చయిన తరువాత దిద్దుబాటుకు ఎన్నో మెట్లు ఎక్కాలి. అంతకుముందు, పరీక్షకు వివరాలు పంపే వేళ, పని సులువు. కాబట్టి తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు సభ ముగిసిన తరువాత కార్యాలయంలో ప్రవేశ పుస్తకం చూడవచ్చు. జనన ధృవీకరణ పత్రం, ఆధార్ కార్డు వెంట తెచ్చుకొన్నవారు ఇంటిపేరులోని ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా సరిపోల్చుకొనండి.